పాజిటివ్ వచ్చిందట!

దోహాకి దక్షిణంగా, అల్ వుకైర్‌లో ఉన్న మా ఇంటికి మొన్న రాత్రి విశాఖపట్నం నుంచి బావ ఫోన్ చేశాడు. అక్కకి కిడ్నీ మార్చాలి. ఇస్తానన్నది బావే. ఇద్దరిదీ ఒకే బ్లడ్ గ్రూపు.

"క్రాస్‌మ్యాచ్ పాజిటివ్ వచ్చిందిరా" అన్నాడు.

"ఇంకేం బావా, మంచిదేగా!" అనేశాను. అవతల కాసేపు మాట లేదు.

ఆ సిగ్గుతోనే ఈ విషయం చదవడం మొదలుపెట్టాను.

మన ఒంట్లో దాదాపు ప్రతి కణం మీదా హెచ్.ఎల్.ఎ. అనే ప్రొటీన్లుంటాయి. మన భాషలో చెప్పాలంటే డిజిటల్ సంతకాలు. సంతకం పరాయిదైతే రోగనిరోధక వ్యవస్థ దాడి చేస్తుంది. బ్లడ్ గ్రూపు కలిసినంత మాత్రాన ఈ సంతకం కలిసినట్టు కాదు.

క్రాస్‌మ్యాచ్‌లో దాత తెల్లకణాలని రోగి సీరంలో కలిపి, కాంప్లిమెంట్ అనే ప్రొటీన్లు చేరుస్తారు. దాతకి వ్యతిరేకంగా పనిచేసే యాంటీబాడీలు రోగి రక్తంలో అప్పటికే ఉంటే ఆ కణాలు చచ్చిపోతాయి. అదీ పాజిటివ్ అంటే! ప్రొడక్షన్‌లో పెట్టేముందు మనం చేసే టెస్టింగ్ లాంటిదే. 1969లో పటేల్, తెరసాకి ప్రచురించిన లెక్క చూడండి: పాజిటివ్ వచ్చినా చేసిన 30 మార్పిడుల్లో 24 కిడ్నీలు వెంటనే విఫలమయ్యాయి. నెగటివ్ వచ్చిన 195లో విఫలమైనవి 8.

మరి బావ మీద అక్క రక్తానికి పగ ఎందుకు? ఇద్దరు పిల్లల్ని కన్నది కనక. కడుపులో బిడ్డ సంతకంలో సగం తండ్రిది. కొందరు తల్లుల రక్తం దాన్ని గుర్తుపెట్టుకుంటుంది. (ముప్పయ్యేళ్ళ కాపురంలో అక్క బావకి ఎదురు చెప్పగా నేను వినలేదు.)

ఇప్పుడు లూమినెక్స్ పూసల పరీక్షతో, ఏయే హెచ్.ఎల్.ఎ.కి వ్యతిరేకంగా యాంటీబాడీలున్నాయో విడివిడిగా తెలుస్తుంది. అయితే యాంటీబాడీలే కాదు, టి-కణాలకీ జ్ఞాపకం ఉంటుంది. ఎలిస్పాట్ పరీక్షలో వాటికి దాత కణాలు చూపిస్తారు. ఇంటర్‌ఫెరాన్ గామా విడుదల చేసిన టి-కణం ఒక్కొక్కటీ ఒక్కో మచ్చగా కనిపిస్తుంది. మచ్చలు ఎక్కువైతే తిరస్కరణ ముప్పు ఎక్కువని కొన్ని పరిశోధనలు చెబుతున్నాయి. కానీ క్రాస్‌మ్యాచ్‌లా తేల్చి చెప్పగల పరీక్ష కాదింకా.

ప్లాస్మా మార్పిడితో, మందులతో యాంటీబాడీలని తగ్గించి కిడ్నీ పెట్టే పద్ధతి ఉంది. ఖర్చూ, ముప్పూ రెండూ ఎక్కువే. ఇలాంటి ఇబ్బందే ఉన్న మరో కుటుంబంతో దాతలని ఇచ్చిపుచ్చుకోవడానికి మన దేశంలో 2011 చట్టసవరణ వీలు కల్పించింది. బావ అందుకు పేరు రాయించాడు.

ఈలోగా నేనున్నాను. తోబుట్టువుల సంతకాలు పూర్తిగా కలిసే అవకాశం నాలుగింట ఒక వంతు, సగం కలిసే అవకాశం రెండు వంతులు. వచ్చే నెలలో సెలవు దొరికింది. ఈసారి నెగటివ్ రావాలి.