పెరట్లో పుట్టే కారు

గుంటూరు మిర్చియార్డుకు టిక్కీలు మోసుకొచ్చే లారీ కంపెనీ నుంచి బయటికొచ్చిన రోజున ఎలా ఉండేదో చాలామంది చూసి ఉండరు. ఛాసిస్, ఇంజిను, చక్రాలు, స్టీరింగు, అంతే. క్యాబిన్ ఉండేది కాదు, వెనక బాడీ ఉండేది కాదు. అలాంటి బోడి ఛాసిస్‌ను, తలకు తువ్వాలు చుట్టుకున్న డ్రైవరు ఎండావానలకు ఓర్చి విజయవాడ జవహర్ ఆటోనగర్ దాకా నడుపుకొచ్చేవాడు. అక్కడ వడ్రంగి, వెల్డరు, పెయింటరు కలిసి దాన్ని లారీ చేసేవారు. విడిభాగాలను బండిగా మార్చే విద్య కృష్ణా గుంటూరు ప్రాంతానికి కొత్త కాదు. కారు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆ సాహసం చేసినవాళ్లు తక్కువ.

ఇంగ్లండులో ఆ సాహసమే ఒక వ్యాపారమైంది. 1957లో కొలిన్ చాప్‌మన్ ‘లోటస్ సెవెన్’ అనే చిన్న కారును తెచ్చాడు. తయారైన కారు మీద అక్కడ భారీగా పన్ను ఉండేది, విడిభాగాల కిట్టుగా కొంటే ఆ పన్ను పడేది కాదు. అయితే కిట్టుతో పాటు బిగించే విధానం రాసివ్వకూడదన్నది నియమం. దానికి కంపెనీ కనిపెట్టిన ఉపాయం గురించి మోటారు ప్రియులు నేటికీ చెప్పుకుంటారు. కారును విప్పే విధానం రాసిచ్చింది. కొన్నవాళ్లు దాన్ని చివరి నుంచి మొదటికి చదువుకుని బిగించుకున్నారు. 1973లో వ్యాట్ వచ్చి ఆ వెసులుబాటు పోయింది. అదే ఏడాది ఆ కారు హక్కులు కేటర్‌హామ్ సంస్థ చేతికి వెళ్లాయి. ఆ వారసత్వపు కారు కిట్టు రూపంలో నేటికీ దొరుకుతోంది.

మన దగ్గర కిట్టు లేదు, పాత సామాను దుకాణం ఉంది. హైదరాబాద్ బహదూర్‌పురాలో జూపార్కు దగ్గరున్న ‘సుధా కార్స్ మ్యూజియం’ మొత్తం అలా పుట్టిందే. కన్యాబోయిన సుధాకర్ బడికి వెళ్లే వయసు నుంచే బండ్లు కట్టడం మొదలుపెట్టాడు. 2005 జులై 1న, 41 అడుగుల 7 అంగుళాల ఎత్తున్న మూడు చక్రాల సైకిలును తొక్కి గిన్నిస్ పుస్తకానికెక్కాడు. 2010లో మ్యూజియం తెరిచాడు. మడమ చెప్పు కారు, వంకాయ కారు, క్రికెట్ బ్యాటు కారు, కెమెరా కారు... అన్నీ ఇంజినుతో నడిచేవే. పిల్లలు వాటి ఆకారాలు చూసి నవ్వుతారు. మెకానిక్ కన్ను మాత్రం వాటి కింది భాగాన్ని వెతుకుతుంది. మామూలు కారులో యంత్రాలను అమర్చుకుని దానికి తగ్గట్టు బాడీ గీస్తారు. ఇక్కడ ఆకారం ముందే ఖాయమైపోయింది. స్టీరింగు, ఇంజిను, పెట్రోలు ట్యాంకు, డ్రైవరు కాళ్లు అన్నీ ఆ చెప్పులోనే ఇమడాలి. అసలు కష్టం అక్కడే ఉంది.

ఇలాంటి బండి ఎవరు కట్టినా మొదటి దెబ్బ ఫ్రేము దగ్గరే తగులుతుంది. వెల్డింగు వేడికి ఇనుము సాగుతుంది, చల్లారేటప్పుడు అతుకు వైపుకు లాక్కుంటుంది. ఒక పక్కంతా వరసగా అతికేస్తే ఫ్రేము మెలి తిరుగుతుంది. పని తెలిసిన వెల్డరు ముందు నాలుగు మూలల్లో చిన్న చిన్న టాకాలు వేస్తాడు. టేపు పట్టి, ఈ మూల నుంచి ఆ మూలకు, మళ్లీ ఆ మూల నుంచి ఈ మూలకు అడ్డంగా కొలుస్తాడు. రెండు కర్ణాలూ సమానమైతేనే ఫ్రేము మూలమట్టానికి ఉన్నట్టు. తేడా వస్తే టాకా విరగ్గొట్టి, సరిచేసి, ఎదురెదురు మూలల్లో కొంచెం కొంచెంగా అతుకుతూ పోతాడు. ఈ ఓపిక లేకపోతే వెనక ఇరుసు వంకరగా కూర్చుంటుంది. బండి ఒక పక్కకే లాగుతూ ఉంటుంది.

రెండో చిక్కు స్టీరింగుది. మలుపులో లోపలి చక్రం చిన్న వలయం మీద, బయటి చక్రం పెద్ద వలయం మీద పోవాలి. రెండూ ఒకే కోణంలో తిరిగితే టైరు రోడ్డును రాసుకుంటూ ఈడ్చుకుపోతుంది. దీనికి 1817లోనే మ్యూనిక్‌లో గుర్రపు బగ్గీలు చేసే గేయార్గ్ లాంకెన్‌స్పెర్గర్ మార్గం కనిపెట్టాడు. మరుసటి ఏడాది ఇంగ్లండులో రుడాల్ఫ్ ఆకర్‌మన్ దానికి పేటెంటు తీసుకోవడంతో అతని పేరే నిలిచిపోయింది. ముందు చక్రాల స్టీరింగు ఆర్ములను వెనక్కి పొడిగిస్తూ గీతలు గీస్తే, అవి వెనక ఇరుసు నడిమధ్యన కలుసుకోవాలి. ఇంట్లో కారు కట్టేవారు తరచూ బోల్తాపడేది ఇక్కడే. పాత కారు ముందు భాగాన్ని కోసి తెచ్చి పొట్టి ఫ్రేముకు తగిలిస్తారు. ఇరుసుల మధ్య దూరం తగ్గడంతో ఆ గీతలు ఇరుసును దాటి ఎక్కడో వెనక కలుస్తాయి. పార్టులన్నీ మంచివే, అయినా మలుపు తిరిగినప్పుడల్లా టైరు కీచుమంటుంది. ఆర్ముల కోణం మార్చి మళ్లీ బిగించుకోవాల్సిందే.

ఇంజిను సంగతి మరొకటి. మోటారు సైకిలు ఇంజిను చౌకగా దొరుకుతుంది, కానీ దానికి రివర్సు గేరు ఉండదు. పైగా అది ఎదురుగాలికి చల్లబడే ఇంజిను. దాన్ని వంకాయ లాంటి మూసిన డొల్లలో పెడితే గాలి అందక ఉడికిపోతుంది, గుంటూరు మే నెల ఎండలో అయితే మరీను. ఆటో ఇంజినుకు ఈ రెండు బాధలూ లేవు. అది వెనక మూసిన అరలో కూర్చునే పని చేస్తుంది కాబట్టి, గాలి తోలే ఫ్యాన్‌ను దానికే బిగించి ఇస్తారు. గేర్‌బాక్సు, డిఫరెన్షియల్ ఒకే ముద్దగా వస్తాయి, రివర్సూ ఉంటుంది. ఇంట్లో బండి కట్టాలనుకునేవారికి ఇంతకంటే అనువైన సరుకు మరొకటి లేదు.

యంత్రాన్ని విప్పి నేర్చుకోవడంలో తెలుగువాళ్లకు పెద్ద గురువు కోయంబత్తూరు జి.డి. నాయుడు. 1893లో తెలుగు కుటుంబంలో పుట్టిన ఆయన, హోటల్లో పనిచేసి కూడబెట్టిన డబ్బుతో ఒక దొర దగ్గర రడ్జ్ మోటారు సైకిలు కొన్నాడు. దాన్ని పూర్తిగా విప్పేసి మళ్లీ బిగించాడు. 1920లో పొల్లాచ్చి, పళని మధ్య ఒక్క బస్సుతో మొదలుపెట్టి పెద్ద రవాణా సంస్థనే నిర్మించాడు. 1952లో రెండు సీట్ల పెట్రోలు కారు తయారుచేసి, రెండు వేల రూపాయలకే అమ్మవచ్చన్నాడు. ప్రభుత్వం లైసెన్సు ఇవ్వలేదు. ఆ కారు అంతటితో ఆగిపోయింది.

చట్టం ఇప్పటికీ పెద్ద అడ్డంకే. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే స్పష్టం చేసింది. భద్రత కోసం ఈ కట్టడి అవసరమే, అందులో సందేహం లేదు. కానీ బ్రిటన్‌లో సొంతంగా కారు కట్టుకున్నవాడు దాన్ని ప్రభుత్వ పరీక్షకు తీసుకెళ్తాడు. బ్రేకులు, స్టీరింగు, దీపాలు, పొగ అన్నీ పరీక్షిస్తారు. గట్టెక్కితే రోడ్డెక్కవచ్చు. ఒక్క బండి కట్టుకున్న మనిషికి అందుబాటులో ఉండే అలాంటి పరీక్షను మన రవాణా శాఖ కూడా పెట్టాలి. మెకానికల్ చదివే పిల్లలకు బహదూర్‌పురా చూపించే పనికి మాత్రం ఏ చట్టమూ అడ్డు రాదు. గుంటూరు, ఒంగోలు కాలేజీల వాళ్లు ఒక్కసారైనా తీసుకెళ్లి, ఆ బండ్ల కింది భాగం చూడమని వాళ్లకు చెప్పండి.