అమ్మ తెలుగు మానేయాలా?

ప్రవేశాల రోజుల్లో ఒక తల్లి మూడున్నరేళ్ల కొడుకును చంకనేసుకుని మా బడికి వచ్చింది. పిల్లవాడి కుడి చెవి వెనక చిన్న యంత్రం, దాని నుంచి సన్నటి తీగ, తలకు అతుక్కున్న గుండ్రటి బిళ్ల. కాక్లియర్ ఇంప్లాంట్ ఆపరేషన్ అయి ఆరు నెలలైంది. ఆమె సీటు గురించి అడగలేదు. “టీచరమ్మా, ఇంట్ల తెలుగు బంద్ చేసి హిందీలనే మాట్లాడుమంటున్రు. నాకొచ్చే హిందీ ఎంత? ఏం జెయ్యాలె?” అంది.

ఈ ప్రశ్న ఆమె ఒక్కదానిదే కాదు. రెండు వందల ఏళ్ల కిందట నిజాం ప్రాంతం నుంచి కట్టుబడి పనులకు వచ్చిన కామాఠీల పేరు మీదే కామాఠిపుర ఏర్పడింది. ఇక్కడి చాళ్లలో ఈనాటికీ ఖోలీ లోపల తెలుగు, గల్లీలో హిందీ, ఆఫీసులో మరాఠీ. చెవులు బాగున్న పిల్లలు ఈ మూడింటినీ ఆడుతూ పాడుతూ నేర్చేసుకుంటారు. పుట్టుకతో వినపడక, యంత్రం సాయంతో కొత్తగా వింటున్న పిల్లవాడి సంగతేమిటి? తల్లిదండ్రులూ, మా వంటి ఉపాధ్యాయులూ తెలుసుకోవలసిన విషయాలు కొన్ని ఉన్నాయి.

ముందు యంత్రం సంగతి. హియరింగ్ ఎయిడ్ శబ్దాన్ని పెద్దది చేస్తుంది, అంతే. లోపలి చెవిలోని సన్నటి రోమకణాలు పనిచేయనప్పుడు ఎంత పెద్ద శబ్దమైనా ప్రయోజనం ఉండదు. కాక్లియర్ ఇంప్లాంట్ ఆ కణాలను దాటి, శబ్దాన్ని విద్యుత్ సంకేతాలుగా మార్చి నేరుగా వినికిడి నాడికి అందిస్తుంది. ఆస్ట్రేలియాలో గ్రేమ్ క్లార్క్ బృందం 1978లో అనేక ఎలక్ట్రోడ్ల ఇంప్లాంటును అమర్చింది. 1990లో అమెరికా ప్రభుత్వం రెండేళ్లు దాటిన పిల్లలకు కూడా అనుమతించింది. ఇప్పుడు ఏడాది నిండిన పిల్లలకే అమరుస్తున్నారు.

అయితే మామూలు చెవిలో వేల కణాలు చేసే పనిని ఇక్కడ కంపెనీని బట్టి 12 నుంచి 22 ఎలక్ట్రోడ్లు చేయాలి. కాబట్టి ఆపరేషన్ అయిన మర్నాడే పిల్లవాడు మాట్లాడడు. గాయం మానాక, సాధారణంగా మూడు నాలుగు వారాలకు యంత్రాన్ని స్విచ్ ఆన్ చేస్తారు. ఆ తర్వాత మ్యాపింగ్ పేరుతో పలుమార్లు సరిచేస్తారు. స్విచ్ ఆన్ చేసిన రోజే అతని వినికిడికి పుట్టినరోజు. మూడేళ్లకు స్విచ్ ఆన్ అయితే, నాలుగేళ్ల వయసులో అతని ‘వినికిడి వయసు’ ఒక్క ఏడాదే. “నాలుగేళ్లొచ్చినా మాటల్లేవు” అని ఎవరైనా అంటే ఈ లెక్క చెప్పండి. మెదడు మాటల్ని సులువుగా పట్టుకునేది మొదటి మూడు, మూడున్నరేళ్లలోనే. అందుకే ఆపరేషన్ ఎంత త్వరగా జరిగితే అంత మేలు.

ఇక భాష సంగతి. యంత్రం ద్వారా వినే పిల్లలకు పెద్ద మాటలు ముందు అందుతాయి. మాట చివర మెల్లగా పలికే చిన్న ముక్కలు ఆలస్యంగా అందుతాయి. భాషకు వెన్నెముక ఆ ముక్కలే. తెలుగులో బడికి, బడిలో, బడి నుంచి అంటాం. తేడా అంతా చివరే ఉంది. వచ్చాడా, వచ్చిందా, వచ్చారా అన్నదీ చివరే తేలుతుంది. హిందీలో ‘కో’, ‘మే’, ‘సే’, ‘నే’ విడిగా వస్తాయి కానీ అవీ పొట్టివే, మెల్లగా పలికేవే. పైగా హిందీలో ప్రాణం లేని వస్తువుకూ లింగం ఉంటుంది. పానీ ఠండా, చాయ్ ఠండీ. మనకు నీళ్లైనా చాయైనా చల్లగానే ఉంటాయి.

మనలో చాలామంది తల్లులు “చాయ్ ఠండా హో గయా” అనే అంటారు. ముంబైలో అది అందరికీ అర్థమవుతుంది, తప్పేమీ లేదు. కానీ ఒక్కో ముక్కనూ కష్టపడి ఏరుకుంటున్న పిల్లవాడికి రోజంతా అందే హిందీ అదే అయితే, ఏ నియమాన్ని పట్టుకుంటాడు? అంతకన్నా పెద్ద నష్టం ఇంకొకటుంది. రాని భాషలో మాట్లాడాల్సి వస్తే తల్లి మాటలు తగ్గిపోతాయి. “ఆవో, బైఠో, ఖావో” దగ్గర ఆగిపోతుంది. అదే తల్లి తెలుగులో అయితే అన్నం కలుపుతూ నూరు మాటలు చెబుతుంది, కోప్పడుతుంది, ముద్దు చేస్తుంది, కథ అల్లుతుంది. పిల్లవాడికి కావలసింది ఆ మాటల ఊటే.

ఇది మా అభిమానం కొద్దీ చెబుతున్నది కాదు. అమెరికాలోని టెక్సాస్‌లో, ఇంట్లో స్పానిష్ మాట్లాడే కుటుంబాల్లో ఇంప్లాంట్లు, హియరింగ్ ఎయిడ్లు పెట్టుకున్న పిల్లలపై జరిగిన అధ్యయనం ఒకటి 2016లో వెలువడింది. రెండు భాషల్లోనూ సాయం అందిన పిల్లలు, ఇంగ్లీషు ఒక్కటే అందిన పిల్లలకన్నా ఇంగ్లీషు పరీక్షలోనే మెరుగ్గా కనబడ్డారు. ఇంటి భాష రెండో భాషకు అడ్డుపడలేదు.

అయితే ఒక జాగ్రత్త. ఒకే వాక్యంలో సగం తెలుగు, సగం హిందీ కలపకూడదు. ఎవరి భాషలో వారు పూర్తి వాక్యాలు మాట్లాడాలి. అమ్మమ్మ, అమ్మ తెలుగు. హిందీ బాగా వచ్చిన పక్కింటి ఆంటీ, థెరపీ టీచర్ హిందీ. ఆపరేషన్ ఆలస్యమైన పిల్లలకు, వేరే ఇబ్బందులు కూడా ఉన్న పిల్లలకు మొదట ఒకే భాష మంచిదని థెరపిస్టు చెప్పవచ్చు. అప్పుడు “మా ఇంట్లో రోజంతా పిల్లవాడితో ఉండేది నేను, నాకు బాగా వచ్చింది తెలుగు” అని వారికి స్పష్టంగా చెప్పండి. హిందీలో నేర్పిన పాఠాన్ని ఇంట్లో తెలుగులో ఎలా చేయించాలో అడిగి రాసుకోండి.

ఇంట్లో చేయవలసినవి పెద్ద పనులేమీ కావు. నిద్ర, స్నానం తప్ప మిగతా వేళంతా యంత్రం చెవికి ఉండాలి. ఇంప్లాంట్ ఉన్న చెవి వైపు, దగ్గరగా కూర్చుని మాట్లాడాలి. ముందు వినిపించి, తర్వాత చూపించాలి. “కుక్కర్ కూసింది, విన్నావా?” అని అడిగి, కాసేపు ఆగి, ఆ తర్వాత కుక్కర్ చూపించాలి. మాట్లాడేటప్పుడు టీవీ కట్టేయాలి. నల్లా వచ్చే వేళ చాళ్ గోలలో కొత్త మాటలు నేర్పే ప్రయత్నం వద్దు. బతుకమ్మ చప్పట్లు, లయ ఈ పిల్లలకు మంచి వినికిడి పాఠం. వానాకాలంలో ముంబై తేమ యంత్రానికి శత్రువు. రాత్రిపూట తేమ పీల్చే గుళికలున్న డబ్బాలో పెట్టాలి. మెదడు పొరల వాపు రాకుండా డాక్టరు చెప్పిన టీకాలు తప్పనిసరి.

బడిలో మా వంతు కూడా ఉంది. రోజూ ఉదయం పిల్లవాడి వెనక నిలబడి, పెదవులు కనబడకుండా ఆరు శబ్దాలు పలకాలి: ఆ, ఊ, ఈ, ష్, స్, మ్. విన్నప్పుడల్లా చేయి ఎత్తమనాలి. డేనియల్ లింగ్ రూపొందించిన ఈ చిన్న పరీక్షతో యంత్రం పనిచేస్తోందో లేదో ఒక్క నిమిషంలో తెలుస్తుంది. అతణ్ని ముందు బెంచీలో, రోడ్డు వైపు కిటికీకి, ఫ్యానుకు దూరంగా కూర్చోబెట్టాలి. నల్లబల్ల వైపు తిరిగి పాఠం చెప్పకూడదు. అరిచి చెప్పనక్కర్లేదు. మాట చివరి ముక్కలు స్పష్టంగా పలికితే చాలు.

అనుమానం వస్తే ఎక్కడికి వెళ్లాలి? నాయర్, జె.జె. ఆసుపత్రుల చెవి-ముక్కు-గొంతు విభాగాలు మనకు దగ్గర్లోనే ఉన్నాయి. బాంద్రా వెస్ట్‌లో 1983లో నెలకొల్పిన అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ఉంది. హైదరాబాద్‌కు చెంది, మహారాష్ట్ర గవర్నరుగా పనిచేసిన వ్యక్తి పేరే దానికి పెట్టారు. దాని ప్రాంతీయ కేంద్రం సికింద్రాబాద్‌లోని మనోవికాస్ నగర్‌లో ఉంది. ఊరికి వెళ్లి కొన్ని నెలలు ఉండే కుటుంబాలకు అక్కడ తెలుగు నేల మీదే సాయం దొరుకుతుంది. కేంద్రం 2014లో సవరించిన ఎడిప్ పథకం కింద తక్కువ ఆదాయం ఉన్న కుటుంబాల పిల్లలకు ఇంప్లాంట్ ఇస్తారు. పుట్టు చెవుడు ఉన్నవారికి ఐదేళ్లు దాటితే అవకాశం పోతుంది. ఆదాయ పరిమితి ఎంతో, వారంటీ ముగిశాక తీగలు, బ్యాటరీల ఖర్చు ఎవరిదో ఆపరేషన్‌కు ముందే అడగండి.

ఇంప్లాంట్ అందరికీ సరిపడదు. సరిపడని పిల్లలకు సైగల భాష పూర్తి భాషే. ఏ భాషా లేకుండా ఏళ్లు గడిచిపోవడమే అసలు ప్రమాదం.

రాజ్యాంగంలోని 350-ఎ అధికరణం భాషా మైనారిటీ పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే ఏర్పాట్లుండాలంటుంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం వారిని అందరితో కలిపి చదివించాలంటుంది. మన తెలుగు బడిలో ఈ రెండు హక్కులూ ఒకే పిల్లవాడికి వర్తిస్తాయి. “వినపడని పిల్లవాడికి ఇక్కడ కుదరదు” అనే మాట మన నోట రాకూడదు.

ఆ తల్లికి మేము చెప్పింది ఇదే: “మీరు తెలుగు మానకండి, ఇంకా ఎక్కువ మాట్లాడండి.” ఏడాది గడిచింది. పిల్లవాడికి నాలుగున్నర, వినికిడి వయసు ఏడాదిన్నర కూడా నిండలేదు. తోటివాళ్లకన్నా ఇంకా వెనకే ఉన్నాడు. కానీ దాహమైతే “అమ్మా, నీళ్లు ఇయ్యి” అంటున్నాడు. గల్లీలో క్రికెట్ ఆడే అన్నల వెంటపడి “బాల్ దే” అంటున్నాడు. ఆ హిందీ ఇంట్లో ఎవరూ నేర్పలేదు.