కిలోమీటరుకు మూడున్నర

రూ.9.99 లక్షలకే ఎలక్ట్రిక్ కారు! 2024 సెప్టెంబరులో ఎంజీ విండ్సర్ ఈ ధరతో మార్కెట్లోకి దిగింది. అదే నెలలో టాటా నెక్సాన్ ఈవీ 45 కిలోవాట్ అవర్ బ్యాటరీతో రూ.13.99 లక్షల నుంచి మొదలైంది. రెండూ అప్పటి ఎక్స్‌షోరూం ధరలే. పైకి చూస్తే తేడా నాలుగు లక్షలు. ఆ తేడా ఎక్కడిదో తేలాలంటే బ్రోచరు పక్కన పెట్టి, బ్యాటరీ అద్దె షరతులు చదవాలి.

రూ.9.99 లక్షల్లో బ్యాటరీ లేదు. కారు మనది, దాని అడుగునున్న బ్యాటరీ మాత్రం అద్దెది. 2024లో పెట్టిన రేటు ప్రకారం తిరిగిన ప్రతి కిలోమీటరుకూ రూ.3.50 కట్టాలి, కరెంటు ఖర్చు వేరు. అదే కారు బ్యాటరీతో సహా అయితే అప్పట్లో రూ.13.50 లక్షలు. అద్దె ఒప్పుకుంటే ముందుగా మిగిలేది రూ.3.51 లక్షలు. దాన్ని మూడున్నరతో భాగిస్తే దాదాపు లక్ష కిలోమీటర్లు వస్తాయి. అంతదాకా అద్దె చవక, ఆపైన భారం. బ్యాంకు వడ్డీ కూడా లెక్కేస్తే ఆ హద్దు ఇంకొంత ముందుకు జరుగుతుంది.

మరి తక్కువ తిరిగేవాళ్లకు లాభమే కదా? అసలు చిక్కు ఇక్కడే. కొన్ని ఫైనాన్స్ సంస్థలు నెలకు కనీసం 1,500 కిలోమీటర్లకు అద్దె లెక్కగడతాయి. అంటే ఆ రేటుకు రూ.5,250. కూకట్‌పల్లి నుంచి హైటెక్ సిటీకి రోజూ వెళ్లొచ్చే ఉద్యోగి ఆదివారం షికార్లు కలుపుకున్నా నెలకు 600 దాటడం కష్టం. ఆయనకు అద్దె ఒక్కటే కిలోమీటరుకు రూ.8.75 పడుతుంది. లీటరుకు 18 కిలోమీటర్లు ఇచ్చే పెట్రోలు కారుకు, లీటరు రూ.107 వేసుకున్నా, ఆరు రూపాయలే! పెట్రోలు బాధ తప్పించుకుందామని వచ్చినవాడికి ఇది అన్యాయమైన బేరం.

ఇక రేంజి. కంపెనీలు చెప్పే 332 (విండ్సర్), 489 (నెక్సాన్) కిలోమీటర్లు ల్యాబులో రోలర్ల మీద, గంటకు 90 మించని వేగంతో తేల్చినవి. రోడ్డు మీద నెక్సాన్‌కు 350-370 వస్తుందని టాటాయే చెబుతోంది. హైదరాబాద్ నుంచి విజయవాడ దాదాపు 275 కిలోమీటర్లు. నెక్సాన్ ఆగకుండా చేరుతుంది. 38 కిలోవాట్ అవర్ విండ్సర్‌లో వెళ్లేవాళ్లు సూర్యాపేట దగ్గర చార్జింగ్‌కు ఆగాలనే లెక్కతోనే బయల్దేరాలి.

వెనక సీటు దగ్గరకొస్తే మాట మారుతుంది. విండ్సర్ వీల్‌బేస్ 2,700 మిల్లీమీటర్లు, నెక్సాన్‌ది 2,498. విండ్సర్ వెనక సీటు 135 డిగ్రీల దాకా వాలుతుంది. డిక్కీ 604 లీటర్లు, నెక్సాన్‌లో 350. మోకాళ్ల నొప్పులతో కాళ్లు చాపుకోవాల్సిన అమ్మానాన్నలున్న ఇంటికి ఈ అంకెలే ముఖ్యం. భద్రత చూస్తే నెక్సాన్ ఈవీకి 2024 జూన్‌లో భారత్ ఎన్‌క్యాప్ క్రాష్ పరీక్షలో అయిదు నక్షత్రాలు వచ్చాయి.

 

బాక్సు: సంతకానికి ముందు
కనీస కిలోమీటర్ల షరతు ఉందో లేదో రాతపూర్వకంగా అడగాలి. విండ్సర్ బ్యాటరీకి జీవితకాల వారంటీ తొలి యజమానికే, చేయి మారితే ఎనిమిదేళ్లు లేదా 1.6 లక్షల కిలోమీటర్లు. అద్దె కారు అమ్మేటప్పుడు ఒప్పందం ఎవరి మెడకు చుట్టుకుంటుందో తేల్చుకోవాలి. తెలంగాణలో 2026 డిసెంబరు 31 దాకా ఈవీలకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు మినహాయింపు ఉంది. అపార్ట్‌మెంటు అయితే పార్కింగులో చార్జర్‌కు అసోసియేషన్ అనుమతి ముందే తీసుకోవాలి.

తరచూ హైవే ఎక్కేవాళ్లకు నెక్సాన్ 45. ఊళ్లోనే తిరుగుతూ పెద్దవాళ్లను వెంటబెట్టుకునేవాళ్లకు విండ్సర్, అదీ బ్యాటరీతో సహా. నెలకు 1,500 కిలోమీటర్లకు దగ్గరగా తిరుగుతూ, నాలుగైదేళ్లలో కారు మార్చేద్దామనుకునేవాళ్లు మాత్రమే అద్దె జోలికి వెళ్లండి.