రాత్రి చెమటలకు జడిసి మాత్రలు మానొద్దు
రొమ్ము క్యాన్సరు చికిత్స తర్వాత ఆడవారి మూగబాధ

కదిరి: నడిరేయి ఒంటిగంట. ఇంటిల్లిపాదీ గాఢ నిద్రలో ఉన్నారు. మా అక్క మాత్రం లేచి మంచం మీద కూర్చుంది. ఎద దగ్గర పుట్టిన వేడి మెడకు, ముఖానికి ఎగబాకింది. గుండె దడదడలాడింది. రవిక, దుప్పటి తడిసి ముద్దయ్యాయి. కాసేపటికే చలి, వణుకు. చీర మార్చుకుని పడుకుంటే రెండు గంటల తర్వాత మళ్లీ అదే వరస.

ఈ సంగతి అక్క నాతో చెప్పలేదు. మగపిల్లాడితో చెప్పే మాట కాదనుకుంది. "కొలిమి కాడ కూసోబెట్టినట్టు కాగుతాంది పాపా, మల్లా బాయిలో ముంచినట్టు వణుకుతాంది" అని నా భార్యతో చెప్పుకుంది. కదిరి నరసింహస్వామికి అభిషేకం తర్వాత మేన చెమట పడుతుందని ఇక్కడి భక్తుల నమ్మకం. "ఆ సామికే తప్పలేదు, మనమెంత" అని మా అమ్మ ఓదార్చేది.

అక్క వయసు 42. రొమ్ము క్యాన్సరుకు ఆపరేషను, ఆ తర్వాత కీమో మందులు అయ్యాయి. అయిదేళ్లపాటు రోజూ మింగమని మాత్రలు ఇచ్చి పంపారు. ముట్లు నిలిచిపోయాయి. ఇలా చెమటలు పడతాయని ఆ ఆస్పత్రిలో ఎవరూ ముందుగా చెప్పలేదు.

ఒకరోజు బియ్యం డబ్బాలో మాత్రల అట్టలు కనిపించాయి. లెక్కపెడితే రెండు నెలల మాత్రలు! "మందు వేడి చేసింది, మానేస్తే సర్దుకుంటుంది" అని ఇరుగుపొరుగు చెప్పిన మాట విని మానేసింది. మాకు భయం వేసింది. మరునాడే డాక్టరు దగ్గరకు బయలుదేరాం.

ఎందుకీ చెమటలు?

మన దేశంలో ఆడవారికి సగటున 46, 47 ఏళ్లకు ముట్లుడుగుతాయి. అది మెల్లగా జరిగే మార్పు. క్యాన్సరు మందులు అండాశయాలను దెబ్బతీసినప్పుడు గాని, వాటిని ఆపరేషనుతో తీసివేసినప్పుడు గాని ఆ మార్పు ఒక్కసారిగా వచ్చిపడుతుంది. ఒంట్లో ఈస్ట్రోజెన్ అనే హార్మోను పడిపోతుంది. ఒంటి వేడిని అదుపులో ఉంచే మెదడు భాగం అప్పుడు కొద్దిపాటి వేడికే ఉలిక్కిపడుతుంది. నెత్తురు చర్మంలోకి పొంగుతుంది, చెమట పోస్తుంది. ఒళ్లు చల్లబడగానే చలి పుడుతుంది.

చాలా రొమ్ము క్యాన్సర్లకు ఈ హార్మోనే మేత. అండాశయాలు తీసేస్తే కొందరిలో రొమ్ము క్యాన్సరు గడ్డ తగ్గుతుందని 1896లోనే గ్లాస్గో డాక్టరు జార్జ్ బీట్సన్ వెల్లడించాడు. 1970 దశకంలో టామోక్సిఫెన్ మాత్రలు వాడకంలోకి వచ్చాయి. ఇవి హార్మోను గడ్డకు అందకుండా అడ్డుపడతాయి. లెట్రోజోల్, అనస్ట్రోజోల్ మాత్రలు ముట్లుడిగినవారిలో హార్మోను తయారీనే తగ్గిస్తాయి. అంటే చెమట పట్టించే మాత్రే క్యాన్సరు తిరగబెట్టకుండా కాపలా కాస్తోంది. హార్మోనుతో పెరిగే రొమ్ము క్యాన్సరులో అయిదేళ్లు టామోక్సిఫెన్ వాడితే, 15 ఏళ్లలో ఆ జబ్బుతో చనిపోయే ముప్పు దాదాపు మూడోవంతు తగ్గుతుంది. బాధ భరించలేకపోతే డాక్టరును అడగాలే గాని, సొంతంగా మాత్ర మానరాదు.

ఇంట్లో చేసుకోగలిగినవి

నైలాను చీర వద్దు, నూలు చీర మేలు. ఒక మందపాటి దుప్పటికి బదులు రెండు పలుచని దుప్పట్లు ఉంటే వేడిగా ఉన్నప్పుడు ఒకటి తీసేయవచ్చు. తలదగ్గర పొడి రవిక, తువ్వాలు, విసనకర్ర, చెంబెడు కుండనీళ్లు పెట్టుకోవాలి. చీకట్లో వెతుక్కునే పని తప్పుతుంది. రాత్రి భోజనం పెందలాడే ముగించాలి. సాయంత్రం కాఫీ, టీ, మితిమీరిన కారం తగ్గించి చూడాలి. పొగాకు మానాలి.

2012లో లండను పరిశోధకులు రొమ్ము క్యాన్సరు చికిత్స పొందిన 96 మందిపై చేసిన అధ్యయనాన్ని ప్రచురించారు. ఆందోళనను అదుపు చేసుకోవడం, నెమ్మదిగా ఊపిరి తీయడం, నిద్ర అలవాట్లు కొందరికి నేర్పారు. చెమటలు ఎన్నిసార్లు వచ్చాయన్నది అంతగా మారకపోయినా, వాటివల్ల కలిగే బాధ తగ్గింది.

అప్పటికీ తగ్గకపోతే వెన్లాఫాక్సిన్, గాబాపెంటిన్ వంటి మందులున్నాయి. ఇవి డాక్టరు రాస్తేనే వాడాలి. మనోవ్యాధికి ఇచ్చే పారోక్సెటిన్, ఫ్లుయోక్సెటిన్ మందులు టామోక్సిఫెన్ పనిని తగ్గించవచ్చు. అందుకే ఏ డాక్టరు దగ్గరకు వెళ్లినా వాడుతున్న మాత్రల అట్ట చూపించాలి. మామూలుగా ముట్లుడిగినవారికి ఇచ్చే హార్మోను మాత్రలు వీరికి పనికిరావు. స్వీడనులో అలా ఇచ్చి చూడగా క్యాన్సరు తిరగబెట్టడం ఎక్కువైంది. 2003లో ఆ పరీక్షనే ఆపేశారు. నాటు మందులు, సోయా మాత్రలు కూడా అడగకుండా వాడరాదు.

ఇవి కనిపిస్తే ఆలస్యం వద్దు

ప్రతి రాత్రి చెమటా దీనివల్లే అనుకోరాదు. కీమో నడుస్తున్నప్పుడు జ్వరం 100.4 డిగ్రీలు దాటితే వెంటనే ఆస్పత్రికి పోవాలి. సాయంత్రం జ్వరం, వదలని దగ్గు, బరువు తగ్గడం ఉంటే క్షయ పరీక్ష చేయించాలి. చక్కెర వ్యాధికి మందు వాడేవారికి రాత్రి చక్కెర పడిపోయినా చెమట పోస్తుంది. టామోక్సిఫెన్ వాడేవారికి మళ్లీ రక్తస్రావం కనిపించినా, ఒక కాలు వాచి నొప్పి పెట్టినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా దాచుకోరాదు. ముట్లు ఆగినంత మాత్రాన గర్భం రాదని అనుకోవద్దు. ఆ మాత్రలు వాడుతుండగా గర్భం నిలిస్తే బిడ్డకు ప్రమాదం.

లెట్రోజోల్ వంటివి ఎముకలను పలుచన చేస్తాయి. మన రాగిసంగటిలో సున్నం ఎక్కువ. దాంతోపాటు రోజూ నడక మంచిది. ఎముకల పరీక్ష అవసరమో కాదో డాక్టరును అడగాలి.

సినీనటి గౌతమి తనకు 35 ఏళ్లకే రొమ్ము క్యాన్సరు వచ్చిందని దాపరికం లేకుండా నలుగురికీ చెప్పారు. పల్లెల్లో ఇంకా ఆ జబ్బు పేరే గుసగుసగా పలుకుతారు. ఇక ముట్లు, చెమటల మాట ఎవరు ఎత్తుతారు? ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంలు ఇటువంటి ఇళ్లకు వెళ్లినప్పుడు "మాత్ర వేసుకుంటున్నావా, రాత్రి నిద్ర పడుతోందా?" అని అడిగితే ఎంతో మేలు.

మా అక్క మాత్రలు మళ్లీ మొదలుపెట్టింది. చెమటలకు డాక్టరు వేరే మందు రాశారు. రాత్రికి అయిదుసార్లు లేచేది ఇప్పుడు రెండుసార్లు లేస్తోంది. మాత్రల అట్ట బియ్యం డబ్బాలో లేదు. అందరికీ కనిపించేలా దేవుని గూటి పక్కన ఉంది. రోజూ రాత్రి దాన్ని చేతికిచ్చి, మింగిందాకా నిలబడేది మా బావ.