ఆయిల్ పీడనం ముల్లు ఏం చెబుతుంది?

విద్యార్థులారా, భిలాయి సెక్టార్లలో పెరిగినవారికి 'బేరింగు' అనే మాట కొత్త కాదు. ఇంట్లోనో పక్కింట్లోనో ఒకరు ఉక్కు కర్మాగారంలో పనిచేస్తుంటారు. ఎర్రగా కాగిన ఉక్కు దిమ్మెను రైలు పట్టాగా సాగదీసే రోలర్లు ఎంత బరువు మోస్తాయో, వాటి బేరింగులకు ఆయిల్ ఆగితే ఏమవుతుందో మాటల్లో వినే ఉంటారు. అలాంటి బేరింగులే చిన్న రూపంలో కారు ఇంజనులోనూ ఉన్నాయి. వేగానికి పేరుపడిన కొన్ని కార్లలో వాటి క్షేమం తెలుసుకోవడానికి ఆయిల్ పీడనం మీటరు ఉంటుంది. దాని అంకెలను ఎలా చదవాలో ఈ పాఠంలో చూద్దాం.

జనవరి తెల్లవారుజామున కారు స్టార్టు చేయగానే ముల్లు 5 బార్ దాకా లేస్తుంది. అదే కారు మే నెల మిట్టమధ్యాహ్నం రాయపూర్ వైపు నుంచి వేగంగా వచ్చి భిలాయిలో సిగ్నల్ దగ్గర ఆగితే ముల్లు 1 బార్ దగ్గరకు దిగుతుంది. (ఒక బార్ అంటే చదరపు అంగుళానికి సుమారు 14.5 పౌండ్లు.) పొద్దున ఐదున్నది ఇప్పుడు ఒకటి! ఇంజను పాడైందని యజమాని కంగారుపడతాడు. నిజానికి ఆ రెండు అంకెలూ ఆరోగ్యవంతమైన ఇంజనువే కావచ్చు.

కారణం తెలియాలంటే రెండు సిరంజిలు తీసుకోండి. ఒకదానిలో నీళ్లు, రెండోదానిలో ఆముదం నింపండి. రెండింటినీ ఒకే వేగంతో నొక్కండి. ఆముదాన్ని బయటకు పంపడానికి వేలు ఎక్కువ బలం పెట్టాలి. రెండు సిరంజిల నుంచీ బయటకు వచ్చే ద్రవం పరిమాణం ఒక్కటే. పీడనం మాత్రం వేరు. ఇంజనులోని ఆయిల్ పంపు కూడా ఇలాంటిదే. ఒక్కో చుట్టుకు నిర్ణీత పరిమాణంలో ఆయిల్‌ను నెడుతుంది. అంతే. పంపు పీడనాన్ని పుట్టించదు, ప్రవాహాన్ని పుట్టిస్తుంది. ఆ ప్రవాహానికి బేరింగుల సన్నని సందులు అడ్డుపడినప్పుడు పీడనం పుడుతుంది. కాబట్టి మీటరు చూపేది ఆయిల్ ఎంత ఉందన్నది కాదు, ఆయిల్ పోవడానికి దారి ఎంత కష్టంగా ఉందన్నది.

ఈ కష్టాన్ని నిర్ణయించేవి మూడు: ఆయిల్ స్నిగ్ధత, పంపు తిరిగే వేగం, బేరింగులోని ఖాళీ. స్నిగ్ధత ఉష్ణోగ్రతతో విపరీతంగా మారుతుంది. 10డబ్ల్యు-40 రకం ఆయిల్ స్నిగ్ధత 40 డిగ్రీల సెల్సియస్ దగ్గర సుమారు 95 సెంటీస్టోక్‌లు ఉంటే, 100 డిగ్రీల దగ్గర 14కు పడిపోతుంది. 120 డిగ్రీలకు చేరితే ఆ 14లోనూ దాదాపు మూడో వంతు పోతుంది. ఇక సిగ్నల్ దగ్గర ఇంజను నిమిషానికి 800 చుట్లే తిరుగుతుంది గనుక పంపు నెట్టే ఆయిల్ కూడా తక్కువ. పలుచని ఆయిల్, తక్కువ ప్రవాహం. ముల్లు దిగక ఏం చేస్తుంది?

మూడోది బేరింగులోని ఖాళీ. సన్నని గొట్టంలో ప్రవాహం వ్యాసార్ధం నాలుగో ఘాతాన్ని బట్టి మారుతుందని ఇంటర్మీడియట్‌లో చదివి ఉంటారు. బేరింగు సందులో అది ఖాళీ ఘనాన్ని బట్టి మారుతుంది. మిగతా పరిస్థితులు మారకుండా 50 మైక్రాన్ల ఖాళీ అరిగి 63 అయిందనుకోండి. పెరిగింది నాలుగో వంతే, కానీ కారిపోయే ఆయిల్ రెట్టింపు. 1.26ను మూడుసార్లు గుణించి చూడండి. అందుకే ఒకే ఉష్ణోగ్రతలో, ఒకే వేగంలో ఏడాదికేడాది అంకె తగ్గుతూ వస్తే అది అరుగుదలకు నమ్మదగిన గుర్తు.

ఇంతకీ ఒక్క బార్ పీడనం అంత బరువైన క్రాంక్‌షాఫ్టును ఎలా మోస్తుంది? మోయదు. ఈ సంగతిని 1883లో ఇంగ్లండు ఇంజనీరు బీచమ్ టవర్ అనుకోకుండా కనుగొన్నాడు. రైలు ఇరుసు బేరింగు మీద ప్రయోగాలు చేస్తూ పైభాగంలో ఆయిల్ పోయడానికి రంధ్రం చేశాడు. ఇరుసు తిరుగుతుంటే ఆయిల్ లోపలికి పోవడానికి బదులు ఆ రంధ్రంలోంచి పైకి ఉబికింది. బిరడా బిగిస్తే బిరడానే బయటకు నెట్టేసింది. అక్కడ మీటరు బిగిస్తే దాని 200 పౌండ్ల హద్దు కూడా దాటిపోయింది. తిరిగే ఇరుసే ఆయిల్‌ను ఇరుకు మూలలోకి లాక్కుపోయి, తనను మోసే పీడనాన్ని తానే పుట్టించుకుంటోంది! దీనికి గణితాన్ని 1886లో ఆస్బర్న్ రెనాల్డ్స్ ఇచ్చాడు. రెనాల్డ్స్ సంఖ్య ద్వారా ఆయన మీకు తెలిసినవాడే. రైలు పట్టాలు తయారుచేసే ఊళ్లో రైలు ఇరుసు కథ చెప్పుకోవడం నాకు ప్రత్యేకంగా ఇష్టం. కారులోనూ అంతే. షాఫ్టును మోసే పొరలోని పీడనం మీటరు అంకెకు ఎన్నో రెట్లు ఉంటుంది. పంపు పని ఆ పొరకు ఆయిల్ అందించడం, వేడిని మోసుకుపోవడం.

వేగం పెరిగితే ఈ సరఫరా అవసరం కూడా పెరుగుతుంది. అందుకే పాతకాలపు రేసు మెకానిక్కులు ప్రతి వెయ్యి చుట్లకు 10 పౌండ్లు ఉండాలని లెక్క కట్టారు. వేడెక్కిన ఇంజను 6000 చుట్ల దగ్గర 4 బార్‌కు పైన, ఐడ్లింగ్‌లో 1 బార్ అటూఇటూ చూపిస్తే చాలావాటికి అది మామూలే. చల్లని ఇంజనులో 5, 6 బార్ దగ్గర ముల్లు ఆగిపోవడమూ మామూలే. అక్కడ రిలీఫ్ వాల్వు తెరుచుకుని మిగులు ఆయిల్‌ను వెనక్కి పంపేస్తుంది. ఇటీవలి ఇంజన్లలో పంపు తన సామర్థ్యాన్ని తానే మార్చుకుంటుంది గనుక పాత లెక్క వాటికి పనికిరాదు. కారుతో వచ్చిన పుస్తకమే ప్రమాణం.

ముల్లు తక్కువగా ఉందని చిక్కటి ఆయిల్ పోయించేవారు చాలామంది. ముల్లు లేస్తుంది, మనసు కుదుటపడుతుంది. అరిగిన బేరింగు అరిగినట్టే ఉంటుంది. పైగా చలి ఉదయాన పై భాగాలకు ఆయిల్ చేరడం ఆలస్యమవుతుంది. జ్వరం తగ్గలేదని థర్మామీటరును దిద్దినట్టు! కొన్ని కంపెనీలూ ఇలాంటి పనే చేశాయి. మాజ్దా మియాటా అనే స్పోర్ట్స్ కారులో 1995 నుంచి మీటరు వెనుక ఉన్నది ఒక స్విచ్చి మాత్రమే. కనీస పీడనం ఉంటే చాలు, ముల్లు మధ్యలో నిలబడుతుంది. డ్రైవరుకు కంగారూ ఉండదు, సమాచారమూ ఉండదు.

నిజంగా భయపడవలసిన కదలిక వేరే ఉంది. వేగంగా మలుపు తిరిగేటప్పుడు ఆయిల్ చాంబర్‌లో ఒక పక్కకు ఒరిగిపోతుంది. మట్టం తక్కువగా ఉంటే పంపు నోరు తేలి గాలి పీలుస్తుంది. నాలుగు బార్‌ల దగ్గర ఉన్న ముల్లు ఒక్క క్షణం ఒకటికి పడి మళ్లీ లేస్తుంది. సిగ్నల్ దగ్గర హాని చేయని ఆ ఒక్క బారే 5000 చుట్ల వేగంలో బేరింగును కాల్చేయగలదు. అందుకే చాలా రేసు కార్లలో ఆయిల్‌ను చాంబర్‌లో నిల్వ ఉంచరు. వేరే ట్యాంకులో ఉంచి అక్కడి నుంచి పంపు చేస్తారు.

మీ ఇంటి కారులో మీటరు లేకపోవచ్చు. ఎర్రదీపం మాత్రం ఉంటుంది. అది సాధారణంగా పీడనం అర బార్ కంటే తగ్గినప్పుడే వెలుగుతుంది, అంటే చాలా ఆలస్యంగా. నడుస్తుండగా అది వెలిగితే ఇంటిదాకా వెళ్దామనుకోకుండా, భద్రమైన చోటు చూసి వెంటనే పక్కకు తీసి ఇంజను ఆపించండి. కాసేపాగి డిప్‌స్టిక్‌తో మట్టం చూడండి. మట్టం సరిగానే ఉన్నా సరే, మళ్లీ స్టార్టు చేయకుండా మెకానిక్‌ను పిలిపించండి.