‘స్టార్మ్‌’ ఆగితే... తప్పు ఇంజిన్‌దేనా?

*పాత స్పోర్ట్స్‌ కార్లను సతాయిస్తున్న వైరింగ్‌, సెన్సర్లు
*కొలిచి చూస్తే చిన్న రిపేరే.. గుడ్డిగా మారిస్తే జేబుకు చిల్లు

మహదేవపుర (బెంగళూరు): టిన్‌ ఫ్యాక్టరీ దాటేదాకా బండి బాగానే ఉంటుంది. పైన ఎండ, ముందు ట్రాఫిక్‌ జామ్‌. ఇంజిన్‌ వేడెక్కుతుంది. ఉన్నట్టుండి ఆగిపోతుంది. సెల్ఫ్‌ తిరుగుతుంది గానీ స్టార్ట్‌ కాదు. పక్కకు తోసి అరగంట నీడన పెడితే ఏమీ ఎరగనట్టు మళ్లీ స్టార్టవుతుంది. మామూలు కారైతే వీధి చివరి మెకానిక్‌ చూసుకుంటాడు. తయారీ ఎప్పుడో ఆగిపోయిన రెండు సీట్ల స్పోర్ట్స్‌ కారైతే? షోరూం లేదు, సర్వీసు పుస్తకం దొరకదు. ‘ఇంజిన్‌ పోయింది సార్‌’ అన్న ఒక్క మాటతో కారు షెడ్డు మూలకు చేరుతుంది. చాలాసార్లు ఆ ఇంజిన్‌కు ఏమీ అయి ఉండదు.

మహదేవపురతో చుట్టరికం

ఐటీ కంపెనీలు రాకముందు మహదేవపుర అంటే ఫ్యాక్టరీలే. వైట్‌ఫీల్డ్‌ రోడ్డులో రైలింజన్లు తయారు చేసిన శాన్‌ ఇంజినీరింగ్‌ అండ్‌ లోకోమోటివ్‌ కంపెనీ కూడా ఇక్కడిదే. అదే గ్రూపునకు చెందిన శాన్‌ మోటార్స్‌ 1990ల చివర్లో ‘శాన్‌ స్టార్మ్‌’ అనే చిన్న స్పోర్ట్స్‌ కారును తెచ్చింది. తయారీ గోవాలో. పైకప్పు తీసేసుకోవచ్చు. ఒళ్లంతా ఫైబర్‌ గ్లాసు. లోపల ఫ్రాన్స్‌కు చెందిన రెనో 1149 సీసీ పెట్రోల్‌ ఇంజిన్‌, సుమారు 60 హార్స్‌పవర్‌. విదేశాల్లో ట్వింగో, క్లియో కార్లకు వాడిన ‘డీ7ఎఫ్‌’ కుటుంబం ఇంజినే ఇది. అమ్ముడైనవి తక్కువే. మిగిలినవాటిని నడిపించుకోవాలంటే ఇప్పుడు యజమానికి దిక్కు మంచి ఆటో ఎలక్ట్రీషియనే.

ఫైబర్‌ ఒంటికి ఎర్తు కరువు

ఇనుప బాడీ ఉన్న కారులో లైటుకో హారనుకో ఒక్క వైరు వెళ్తే చాలు. తిరుగు కరెంటుకు బాడీయే దారి. ఫైబర్‌లో కరెంటు పారదు. అందుకే ప్రతి దీపానికీ, ప్రతి మోటారుకూ ఎర్తు వైరు వేరుగా ఛాసిస్‌ దాకా రావాలి. ఆ వైర్లన్నీ కలిసే నట్టు దగ్గర తుప్పు పట్టిందంటే వింత రోగాలు మొదలవుతాయి. ఇండికేటర్‌ వేస్తే టెయిల్‌ లైటు మిణుకుమంటుంది. హెడ్‌లైటు వేయగానే టెంపరేచర్‌ ముల్లు పైకి లేస్తుంది. వైపర్‌ తిరిగితే ఇంజిన్‌ తడబడుతుంది. కరెంటు తన దారి దొరక్క పక్క వైర్లలోంచి తిరిగి రావడమే దీనికి కారణం.

పరీక్ష సులువే. మల్టీమీటర్‌ను వోల్టుల్లో పెట్టి ఒక కొసను బ్యాటరీ నెగెటివ్‌కు, ఇంకో కొసను ఇంజిన్‌ బ్లాకుకు ఆనించి సెల్ఫ్‌ కొట్టాలి. మీటర్‌ అర వోల్టు దాటి చూపితే ఎర్తు పట్టీ పాడైనట్టే. నట్టు విప్పి, గరుకు కాగితంతో లోహం మెరిసేలా రుద్ది, బిగించి, పైన గ్రీజు పూస్తే సగం జబ్బులు అక్కడే పోతాయి.

వేడికి మూగబోయే సెన్సర్‌

వేడికి ఆగి, చల్లారితే స్టార్టయ్యే బండిలో మొదట అనుమానించాల్సింది క్రాంక్‌ సెన్సర్‌ను. ఫ్లైవీల్‌ పళ్ల పక్కనే ఉండే చిన్న అయస్కాంతం, దానిచుట్టూ సన్నని రాగి తీగ... అంతే ఇది. పళ్లు తిరిగే కొద్దీ ఇది పంపే సంకేతాన్ని బట్టే కంప్యూటర్‌ స్పార్కు, పెట్రోలు వదులుతుంది. లోపలి తీగ బీటిస్తే వేడికి విడిపోతుంది, చల్లారితే అతుక్కుంటుంది. అందుకే చల్లటి ఇంజిన్‌ మీద కొలిచి ‘బాగుంది’ అనుకోవడం పొరపాటు. బండి ఆగిన నిమిషంలోనే ఓములు కొలవాలి. ఈ రకం సెన్సర్‌లో సాధారణంగా కొన్ని వందల ఓములు కనిపించాలి. మీటర్‌ ఏమీ చూపకపోతే దొంగ దొరికినట్టే. అయితే కొత్తది కొనేముందు కప్లర్‌ విప్పి పిన్నులు చూడాలి. నూనె, మట్టి పట్టి సంకేతం అందకపోయినా ఇవే లక్షణాలు.

కూలెంట్‌ టెంపరేచర్‌ సెన్సర్‌ది ఇంకో కథ. వేడి పెరిగే కొద్దీ దాని ఓములు తగ్గాలి. చల్లగా ఉన్నప్పుడు వేలల్లో, వేడెక్కాక వందల్లో ఉంటుంది. అది తప్పు చెబితే కంప్యూటర్‌ ఇంజిన్‌ చల్లగా ఉందనుకుని పెట్రోలు ఎక్కువ పోస్తుంది. ప్లగ్గులు నల్లబడతాయి, మైలేజీ పడిపోతుంది, పొగ పరీక్షలో బండి ఫెయిలవుతుంది.

బెంగళూరు ఎత్తు లెక్క

గాలి ఒత్తిడి కొలిచే మ్యాప్‌ సెన్సర్‌ విషయంలో ఇక్కడివారు ఒకటి గుర్తుంచుకోవాలి. పుస్తకాల్లోని వోల్టులు సముద్రమట్టం లెక్కవి. బెంగళూరు 900 మీటర్ల ఎత్తున ఉంది. గాలి ఒత్తిడి పదో వంతు తక్కువ. కాబట్టి ఇంజిన్‌ ఆపి, ఇగ్నిషన్‌ ఆన్‌ చేసి చూస్తే వోల్టులు కూడా తక్కువే చూపుతాయి. చెన్నైలో సరిగ్గా ఉన్న అంకె ఇక్కడ రాలేదని బాగున్న సెన్సర్‌ను పారేయకూడదు. దానికి వెళ్లే రబ్బరు పైపు పగిలిందేమో ముందు చూడాలి.

స్కానర్‌ పలకకపోతే...

నేటి కార్లలో స్కానర్‌ పెడితే తప్పు ఎక్కడుందో తెరపై కనిపిస్తుంది. మన దేశంలో కార్లకు ఈ ఓబీడీ ఏర్పాటు తప్పనిసరి అయింది 2010 నుంచి దశలవారీగానే. అంతకుముందు బండ్లలో ఆన్‌లైన్లో కొన్న చిన్న స్కానర్‌ పలకకపోవచ్చు. దాంతో కంప్యూటరే పోయిందని తీర్మానించడం తొందరపాటు. మల్టీమీటర్‌, చేత్తో గీసుకున్న వైరింగ్‌ బొమ్మ... పాత బండికి నమ్మకమైన స్కానర్లు ఈ రెండే. బల్బు ఉన్న పాతకాలపు టెస్ట్‌ ల్యాంపును మాత్రం సెన్సర్‌, కంప్యూటర్‌ వైర్లపై పెట్టకూడదు. అది లాగే కరెంటుకు కంప్యూటర్‌ కాలిపోవచ్చు.

అతుకులతోనే ముప్పు

ఇరవై ఏళ్లలో కారు ఎన్నో చేతులు మారి ఉంటుంది. ఒకరు స్టీరియో, ఇంకొకరు అలారం, మరొకరు పెద్ద హారను. ప్రతిదానికీ అసలు వైరును గీకి, మెలిపెట్టి, టేపు చుట్టి ఉంటారు. వేడికి టేపు జిగురు కరిగి ఊడుతుంది. ఫ్యూజు మాటిమాటికీ పోతోందని పెద్ద ఫ్యూజు వేయడం అన్నిటికంటే ప్రమాదం. అప్పుడు ఫ్యూజు బదులు వైరు కాలుతుంది. పక్కనే పెట్రోల్‌ పైపు, చుట్టూ మంటంటుకునే ఫైబర్‌. కారే కాదు, లోపలి మనిషీ మిగలని పరిస్థితి.

ఇంకో భారం కూడా ఉంది. 15 ఏళ్లు దాటిన సొంత కారుకు ఆర్‌సీ రెన్యువల్‌ ఫీజు 2022 ఏప్రిల్‌ నుంచి రూ.600 బదులు రూ.5 వేలైంది. 20 ఏళ్లు దాటితే 2025 ఆగస్టు నుంచి రూ.10 వేలు. లైట్లు వెలగక, పొగ తగ్గక ఫిట్‌నెస్‌లో తిరిగొస్తే ఆ ఖర్చంతా వృథా.

యజమానులూ.. ఇవి గుర్తుంచుకోండి

*ముందు బ్యాటరీ, ఎర్తు. ఆ తర్వాతే సెన్సర్లు.
*కప్లర్‌ విప్పేముందు ఫోన్లో ఫొటో తీయండి. వైరు రంగులు రాసుకోండి.
*సెన్సర్‌ను కారు పేరుతో కాదు, ఇంజిన్‌ కోడ్‌, పాత సెన్సర్‌పై ఉన్న నంబరుతో వెతకండి. 2007లో వచ్చిన లోగన్‌ ఇంజినూ రెనోదే అయినా అది వేరు. జేసీ రోడ్డులో ‘రెనోది’ అని ఇచ్చినదల్లా సరిపోదు.
*అతుకును క్రింప్‌ చేసి హీట్‌ ష్రింక్‌ గొట్టం తొడిగించండి. వైరు మందం తగ్గకూడదు.
*బాగున్న పాత సెన్సర్‌ను పారేయొద్దు. తయారీ లేని కారుకు అదే స్పేరు.
*వెల్డింగ్‌ చేయించేముందు బ్యాటరీ, కంప్యూటర్‌ కప్లర్‌ తప్పక విప్పించండి.