పాత ఫోన్ బిల్లు కోసం బెదిరింపులు వస్తే

కొన్ని వారాల క్రితం ఆదివారం ఆరాధన ముగిశాక, అందరూ వెళ్లేదాకా ఆగి ఒక సహోదరి మా దగ్గరకు వచ్చారు. ఇంట్లో కుట్టుపని చేసుకుంటూ పిల్లలను చదివించుకుంటున్న తల్లి ఆమె. "అయ్యగారూ, పోలీసులు వస్తారంటున్నారు. నిజంగా వస్తారా?" అని అడిగారు.

జరిగింది ఇది. 2016లో జియో వచ్చిన రోజుల్లో ఎంతోమందిలాగే ఆమె కూడా కొత్త సిమ్ తీసుకుని, పాత పోస్ట్‌పెయిడ్ సిమ్‌ను తీసి డబ్బాలో పడేశారు. కనెక్షన్ రద్దు చేయమని కంపెనీకి చెప్పాలన్న సంగతి ఆమెకు తెలియదు. చివరి బిల్లులు అలాగే ఉండిపోయాయి. ఇన్నేళ్ల తర్వాత ఎవరో ఫోన్ చేసి, సాయంత్రంలోగా 6,800 రూపాయలు కట్టకపోతే చీటింగ్ కేసు పెడతామని, అరెస్టు చేయిస్తామని, మీ చర్చికి కూడా ఫోన్ చేసి చెబుతామని అన్నారు. ఆ చివరి మాటకు భయపడి ఆమె రెండు ఆదివారాలు ఆరాధనకు రాలేదు. చెవి కమ్మలు తాకట్టు పెట్టి కట్టేయడానికి సిద్ధపడ్డారు.

ఇలాంటి ఫోన్లు మన సంఘాల్లో ఇంకా కొందరికి వస్తున్నాయి. సిగ్గుతో ఎవరూ పైకి చెప్పుకోవడం లేదు. అందుకే ఈ వారం ఈ సంగతి రాస్తున్నాము.

ఇందులో రెండు ప్రశ్నలున్నాయి. నన్ను ఎవరైనా బలవంతంగా కట్టించగలరా? ఇది చట్టానికి సంబంధించినది. నేను నిజంగా బాకీ ఉన్నానా? ఇది మనస్సాక్షికి సంబంధించినది. భయంలో ఉన్నవారికి ఈ రెండూ ఒకటిగా కలిసిపోతాయి. బెదిరించేవారికి కావలసింది కూడా అదే. కాబట్టి వాటిని విడదీసి, ఒకదాని తర్వాత ఒకటి చూద్దాము.

ముందుగా అరెస్టు సంగతి. ఫోన్ బిల్లు కట్టకపోవడం నేరం కాదు, అది సివిల్ వివాదం. మొదటినుంచీ మోసం చేయాలనే ఉద్దేశంతో, దొంగ కాగితాలతో కనెక్షన్ తీసుకుంటే వేరే మాట. మామూలుగా బాకీ పడ్డ మనిషిని వసూలు ఏజెంటు అరెస్టు చేయించలేడు. ఇంట్లోకి వచ్చి సామాను పట్టుకుపోయే అధికారమూ అతనికి లేదు. లాయరు నోటీసు వేరు, కోర్టు సమన్లు వేరు. లాయరు నోటీసు కేవలం ఒక పక్షం వారి ఉత్తరం. కోర్టు నుంచి సమన్లు వస్తే మాత్రం ఎప్పుడూ పక్కన పెట్టకండి, చెప్పిన తేదీకి హాజరు కండి. లోక్ అదాలత్ నోటీసు వస్తే కూడా వెళ్లడం మంచిది. అక్కడ మీరు ఒప్పుకుంటేనే రాజీ. అయితే ఒకసారి ఒప్పుకుని సంతకం చేస్తే అది సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దానిపై అప్పీలు లేదు. కాబట్టి చదవకుండా సంతకం పెట్టవద్దు.

రెండవది, కాలపరిమితి. ప్రైవేటు కంపెనీ ఇలాంటి బాకీ కోసం దావా వేయాలంటే 1963 నాటి లిమిటేషన్ చట్టం ప్రకారం సాధారణంగా 3 సంవత్సరాల గడువు ఉంటుంది. కోవిడ్ కారణంగా 15-3-2020 నుంచి 28-2-2022 వరకు ఉన్న కాలాన్ని సుప్రీంకోర్టు ఈ లెక్కలోంచి మినహాయించింది. 2016లో కట్టవలసిన బిల్లుకు గడువు ఆ మినహాయింపుకు ముందే, 2019లోనే తీరిపోయింది. 2018, 2019 నాటి బిల్లులైతే ఆ రెండేళ్లను కలిపి లెక్కించాలి.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. గడువు లోపల బాకీని రాతపూర్వకంగా ఒప్పుకున్నా, కొంత డబ్బు కట్టి దానికి రాత ఉన్నా 3 ఏళ్లు మళ్లీ మొదటినుంచి లెక్కకు వస్తాయి. గడువు దాటిన తర్వాత కూడా, కడతానని రాసి సంతకం చేస్తే ఆ మాట కొత్త ఒప్పందంగా చెల్లుతుంది. కాబట్టి ఏజెంటు తొందరపెట్టాడని కాగితం మీద గానీ, మెసేజ్‌లో గానీ "కడతాను" అని రాసి ఇవ్వకండి.

మూడవది, అడిగేది ఎవరో తెలుసుకోండి. ఫోన్‌లో ఒక్క మాటే చెప్పండి: "బిల్లు కాపీ, కంపెనీ మీకు ఇచ్చిన అధికార పత్రం రాతపూర్వకంగా పంపండి. అవి చూశాకే మాట్లాడతాను." అంతకు మించి వాదించనక్కరలేదు. వాళ్లు పంపిన లింకు నొక్కవద్దు, ఓటీపీ చెప్పవద్దు, ఎవరి సొంత నంబరుకూ డబ్బు పంపవద్దు. మోసపోయి డబ్బు పంపితే వెంటనే 1930కి ఫోన్ చేయండి. మీరు తీసుకోని కనెక్షన్‌కు బిల్లు వచ్చిందంటే, మీ పేరున ఎన్ని నంబర్లు ఉన్నాయో కేంద్ర ప్రభుత్వ సంచార్ సాథీ వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు.

బిల్లు తప్పు అనిపిస్తే కంపెనీ కస్టమర్ కేర్‌లో ఫిర్యాదు ఇచ్చి, దాని నంబరు రాసుకోండి. అక్కడ న్యాయం జరగకపోతే ఆ కంపెనీలోనే అప్పిలేట్ అథారిటీ ఉంటుంది. వినియోగదారుల కమిషన్‌కూ వెళ్లవచ్చని సుప్రీంకోర్టు 2022లో స్పష్టం చేసింది. వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. బూతులు తిట్టినా, బెదిరించినా తేదీ, సమయం రాసిపెట్టుకుని పోలీసులకు ఫిర్యాదు చేయండి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీ వారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. దానికి 15100కు ఫోన్ చేయవచ్చు.

బిల్లు కాకుండా, ఫోన్‌నే బ్యాంకు లేదా ఫైనాన్స్ కంపెనీ ఈఎంఐలో కొని ఉంటే రిజర్వు బ్యాంకు నియమాలు వర్తిస్తాయి. ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఏజెంట్లు ఫోన్ చేయకూడదు. బంధువులకు, స్నేహితులకు చెప్పి పరువు తీయకూడదు. ముందు ఆ సంస్థకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో పరిష్కారం కాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు.

ఇక రెండో ప్రశ్న. గడువు తీరితే కోర్టు దారి మూసుకుపోతుంది గాని బాకీ లేకుండా పోదు. వాడుకున్నదానికి డబ్బు కట్టాలన్నది మనం పిల్లలకు నేర్పే మాటే. బిల్లు నిజమై, కట్టగల స్తోమత ఉంటే కట్టడం మంచిదని మేము అంటాము. అయితే భయపడి ఏజెంటు చేతిలో పెట్టకండి. నేరుగా కంపెనీకే, నిజంగా వాడుకున్నంతే కట్టి, రసీదు, బాకీ లేదన్న లేఖ తీసుకోండి. పిల్లల అన్నం తగ్గించుకుని కట్టవలసినవారి మీద ఈ భారం మోపే అధికారం మాత్రం ఎవరికీ లేదు. ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయం అప్పిచ్చినవానికే హద్దు పెట్టింది. తాకట్టు కోసం వచ్చినవాడు ఇంట్లోకి చొరబడకూడదు, బయటే నిలబడాలి. బాకీ ఉన్నవారికి కూడా గుమ్మం ఉంటుంది, గౌరవం ఉంటుంది.

ఆ సహోదరి కాగితాలు అడిగారు. ఫోన్ చేసినవారు పంపలేదు. తర్వాత ఆమె కంపెనీకే రాశారు. పాత బాకీ 1,140 రూపాయలని, మిగతాదంతా తమ లెక్కలో లేదని జవాబు వచ్చింది. కట్టమని మేము చెప్పలేదు, వద్దని కూడా అనలేదు. రెండు నెలల్లో కుట్టుపని డబ్బు పోగు చేసి, కంపెనీ కౌంటర్‌లో కట్టి లేఖ తెచ్చుకున్నారు. కమ్మలు ఆమె చెవులకే ఉన్నాయి.

సంఘ పెద్దలకు ఒక మనవి. ఎవరి గురించైనా మీకు ఇలాంటి ఫోన్ వస్తే వివరాలు చెప్పకండి, నలుగురిలో ఆ మాట ఎత్తకండి. ఆ కుటుంబాన్ని పక్కకు పిలిచి, కాగితాలు తీసుకురమ్మని కలిసి కూర్చుని చదవండి. అవసరమైతే వారితో కౌంటర్ దాకా వెళ్లండి. అప్పు పేరు చెప్పి ఎవరినీ ఆరాధనకు దూరం చేయలేరని మన సంఘాల్లో అందరికీ తెలియాలి.